నా అట్ట మీద లేని గడి

నేను ఒక అట్టను. అట్టేగా అని తీసిపారేయకండి. నా ముందు నిలబడి దేవుళ్లకు మొక్కుకున్న డాక్టరేట్లు ఎందరో ఉన్నారు.

పుట్టుకతో నేను ఒక లావుపాటి గణాంకశాస్త్ర పుస్తకానికి చివరి పేజీని. ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చదివినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది, నాకోసం నేరుగా చివరికి తిప్పినవాళ్లు వందలమంది. అలా తిప్పి తిప్పి నన్ను ఊడగొట్టారు. విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్ర విభాగం లైబ్రరీ అటెండరు గౌరీసు నన్ను చూసి జాలిపడి, మైదాపిండి ఉడకేసి, చీరల పెట్టె అట్టకు అతికించాడు. పైన ప్లాస్టిక్ కాగితం తొడిగి, పురికొస కట్టి, కిటికీ పక్క మేకుకు వేలాడదీశాడు. ఆ రోజు నుంచి నేను టి-పట్టికగారిని అయిపోయాను.

నా పని చాలా చిన్నది. రెండు తరగతుల పిల్లలకు రెండు రకాలుగా పాఠం చెప్పి పరీక్ష పెడతారు. మార్కుల్లో తేడా వస్తుంది. ఆ తేడాకు లెక్కకట్టి ఒక సంఖ్య తీస్తారు. అది నా గడిలోని అంకెను దాటితే, అసలు తేడా అంటూ ఏమీ లేనప్పుడు కేవలం చీటీల ఆటలో పడ్డట్టుగా ఇంత తేడా రావడం నూటికి అయిదుసార్లకు మించి జరగదని అర్థం. అంతే. పాఠం గొప్పదా, పనికొస్తుందా, ఎంత మేలు చేసింది అన్నవి నన్ను అడగవలసిన ప్రశ్నలు కావు. కానీ మనుషులు అడగవలసినవి అడగరు, అడక్కూడనివి అడిగి మరీ జవాబు చెప్పించుకుంటారు.

నా ఒంటిమీద ఎన్ని నిలువు వరసలున్నా అందరి వేళ్లూ ఒక్కదాని మీదే పడేవి. నూటికి అయిదు అన్న వరస జిడ్డుపట్టి నల్లబడింది. పక్కనున్న వరసలు అప్పుడే అచ్చువేసినట్టు ఉండేవి. సంఖ్య దాటిందా, సిద్ధాంత గ్రంథంలో ఆ అంకె నెత్తిన ఒక నక్షత్రం గుర్తు పెట్టేవారు, క్యాంటీన్‌లో అందరికీ టీలు. దాటలేదా, ముఖం వేలాడేసుకుని వెళ్లి, "తేడా లేదు" అని రాసుకునేవారు. నేనెప్పుడూ ఆ మాట అనలేదు. "ఇంకా చెప్పలేను" అన్నాను. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఎవరికీ పట్టేది కాదు.

మా విభాగంలోనే పరిశోధన చేసే సన్యాసిరావు ఒకసారి రంగుల అభ్యాస పుస్తకం ఒకటి తయారుచేసి ఆరువేలమంది పిల్లల మీద పరీక్షించాడు. ఇరవై మార్కుల్లో తేడా అర మార్కుకు కూడా తక్కువే. కానీ మంది ఎక్కువైతే చీమతల అంత తేడా కూడా నా గీత దాటేస్తుంది. అతని సంఖ్య మూడు దాటింది, రెండు నక్షత్రాలు పడ్డాయి. అతను పంచిన మైసూర్‌పాక్ ముక్క ఒకటి జారి నా పురికొసకు అంటుకుని, వారం రోజులు చీమలు నామీద ఊరేగాయి. అర మార్కు కోసం ఇంత ఊరేగింపా అని నాలో నేను నవ్వుకున్నాను.

అలాంటి రోజుల్లో వచ్చింది వరహాలమ్మ.

సీతంపేట పైకొండల్లో ఒక బడిలో టీచరు. అయిదేళ్లుగా సవర గిరిజన పిల్లల మధ్య ఉండి వాళ్ల భాష నేర్చుకుంది. చదువు మొదట సవరలో చెప్పి, దానిమీదుగా తెలుగులోకి తీసుకొస్తే పిల్లలు బాగా చదువుతారని ఆమె నమ్మకం. తన బడిలో నలభై ఇద్దరు చిన్నపిల్లలకు చీటీలు వేసి, సగంమందికి అలా, మిగతా సగంమందికి నేరుగా తెలుగులో నాలుగు నెలలు చెప్పింది. దానిమీద రాసే సిద్ధాంత గ్రంథానికి డాక్టరేటు పట్టా వస్తే చుట్టుపక్కల బడులన్నిటిలో ఆ పద్ధతి పెట్టిస్తానని గిరిజన విద్య చూసే అధికారి మాటిచ్చాడు. పట్టా రాకపోతే ఆమె బడిలో కూడా ఆపేయమన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమె నా ముందుకొచ్చి, పద్ధతి ప్రకారం గుంపుకు ఒకటి చొప్పున తగ్గించి, చూపుడువేలితో నలభై అన్న అడ్డువరస పట్టుకుని నా నల్లటి నిలువు వరస దాకా వచ్చింది. నా గడిలో ఉన్నది రెండు పాయింట్ సున్నా రెండు. ఆమె కాగితంలో ఉన్నది ఒకటి పాయింట్ ఎనిమిది తొమ్మిది. వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏటమ్మా, అలగుండిపోనావు?" అన్నాడు గౌరీసు.

ఆమె కాగితం మడుచుకుంది. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఎందుకంటే ఆ కాగితంలో ఇంకో అంకె కూడా ఉంది. రెండు గుంపులకూ మధ్య తేడా దాదాపు మూడు మార్కులు. సన్యాసిరావు అర మార్కుకు మిఠాయిలు పంచుకుంటే, మూడు మార్కులు తెచ్చిన ఈమె దొంగలా నిలబడింది. పిల్లలు తక్కువ కాబట్టి నేను గట్టిగా చెప్పలేకపోయాను, అంతే.

ఆమె గైడు రామలింగస్వామిగారు మంచివాడే, కానీ ఇరవై రెండేళ్లుగా నక్షత్రాల కిందే బతికినవాడు. ఆయన కాగితాలు చూసి, సవరలో చెప్పిన గుంపులో అట్టడుగున ఉన్న రెండు పేర్లకు పెన్సిల్‌తో సున్నాలు చుట్టాడు. సవర సుక్కురు, సవర బెన్నమ్మ. ఇద్దరికీ ఇరవైకి రెండేసి మార్కులు. కొండమీద పోడుచేను కాపలాకు వెళ్లి మొదటి నెల సరిగా బడికి రాని పిల్లలు. హాజరు చాలలేదని రాసి ఇద్దరినీ లెక్కలోంచి తప్పించమన్నాడు. ఆమె అక్కడే కూర్చుని లెక్క వేసి చూసింది. సంఖ్య రెండున్నర దాటింది. నక్షత్రం చేతికందేంత దూరంలో ఉంది.

 ఆమె పెన్సిల్ సున్నాలు రెండూ రబ్బరుతో చెరిపేసింది.

"రెండు లెక్కలూ రాస్తానండి. ఆళ్లతోటీ, ఆళ్లు లేకుండానూ. నా జవాబు మాత్రం ఆళ్లతోనే," అంది.

నీ ఖర్మ అన్నట్టుగా ఆయన సంతకం పెట్టాడు. పట్టాకు ముందు జరిగే నోటి పరీక్ష వైవాలో తను నోరు విప్పనని కూడా చెప్పాడు.

వైవా మా లైబ్రరీ హాల్లోనే జరిగింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు భానుమూర్తిగారు ముసలాయన, తెల్లటి మీసం, చేతిలో ఆమె గ్రంథం. హాలు నిండా జనం. సన్యాసిరావు మొదటి వరసలో కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. వరహాలమ్మ చీరకొంగు వేళ్లకు చుట్టుకుంటూ మొత్తం చెప్పింది. తేడా రెండు పాయింట్ ఎనిమిది మార్కులని, అక్షరాలు కూడబలుక్కునే పిల్లకూ వాక్యం చదివే పిల్లకూ మధ్య ఉండే దూరం సుమారు అంతేనని చెప్పింది. అసలు తేడా దాదాపు సున్నా కావచ్చని, ఆరు మార్కులు కూడా కావచ్చని, తేల్చడానికి ఇంకొందరు పిల్లలు కావాలని దాచకుండా చెప్పింది.

పరీక్షకుడు చివరి పేజీలు తిప్పి, ఇద్దరు పిల్లలు లేకుండా వేసిన లెక్క దగ్గర ఆగాడు.

"వీళ్లని తీసేస్తే మీకు సార్థకత, అదే ఆ నక్షత్రం, వచ్చేది కదమ్మా. ఎందుకు తీయలేదు?"

"రేపు బడి తెరిస్తే గుమ్మంలో నిలబడేది ఆళ్లే సార్. లెక్కలోంచి తీసేస్తే బడిలోంచి తీసేసినట్టే గదండీ."

 పరీక్షకుడు లేచి నా దగ్గరికొచ్చి, మేకు మీంచి నన్ను తీసి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకున్నాడు. నా జన్మలో అంత ఎత్తుకు ఎప్పుడూ వెళ్లలేదు.

"దీని మీద తేడా ఎంతో చెప్పే గడి ఎక్కడుంది? ఎవరైనా చూపిస్తారా?"

ప్రొఫెసర్లు నన్ను చూశారు, నేను ప్రొఫెసర్లను చూశాను.  గుమ్మం దగ్గర టీ కప్పుల పళ్లెంతో నిలబడ్డ గౌరీసు మెల్లగా అన్నాడు.

"లేదు బాబూ. అతికించింది నానే. నాకు తెల్దేటి?"

అందరూ నవ్వారు. నోరు విప్పనన్న రామలింగస్వామిగారు అప్పుడు లేచాడు.

"ఇన్నేళ్లూ నేను ఆ గడి వెతకనే లేదండి," అన్నాడు.

ఆ సాయంత్రమే వరహాలమ్మకు పట్టా సిఫారసు చేస్తూ సంతకాలు పడ్డాయి. గౌరీసు అయితే తన సొంత పెళ్లిలో కూడా అంత హడావుడిగా తిరిగి ఉండడు. అధికారి మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి ఏడు ముప్ఫై బడుల్లో పిల్లలు సవరలో చదువు మొదలుపెట్టారు. ఆ పద్ధతి ఇంకా రాని బడులతో పోల్చి చూస్తే తేడా రెండున్నర మార్కుల దగ్గర నిలబడింది, సంఖ్య నా గీతను ఎంత దూరం దాటిందంటే నాకే మెడ తిప్పుకుని చూడవలసి వచ్చింది. ఆమె వచ్చి నన్ను చూసింది గానీ ఈసారి వేలు పెట్టలేదు. తను ముందే తేడా చూసుకుని వచ్చింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. అవి అడక్కుండానే నక్షత్రాలు పోసేస్తాయి. నన్ను పాత ప్రశ్నపత్రాలతో కలిపి గోనెసంచిలో కుక్కారు. రిటైరవబోతున్న గౌరీసు కబురు చేస్తే వరహాలమ్మ వచ్చి, సంచి కుమ్మరించి నన్ను వెతికి తీసుకుపోయింది. అప్పటికి ఆమె టీచర్లకు శిక్షణనిచ్చే కాలేజీలో పాఠాలు చెబుతోంది. ప్లాస్టిక్ కాగితం మార్చి, నా అడుగున ఖాళీగా ఉన్న చోట నల్లసిరాతో ఒక కొత్త గడి గీసి, అందులో రెండే మాటలు రాసి, తరగతి గోడకు తగిలించింది.

మొన్న జూన్‌లో కొత్త బ్యాచ్ వచ్చింది. మొదటి రోజు ఒకమ్మాయి నా ముందు నిలబడి, జిడ్డు వరసను దాటేసి, కళ్లు కిందికి దించి, గట్టిగా చదివింది.

"తేడా ఎంత?"

వరహాలమ్మ హాజరుపట్టీ మూసేసి, ఆ అమ్మాయిని చూస్తూ ఉండిపోయింది. పట్టీలో ఆ అమ్మాయిది మూడో పేరు, ఒకప్పుడు పెన్సిల్ సున్నా చుట్టిన పేరే: సవర బెన్నమ్మ.

ఒక్క పిల్లతో ఏదీ రుజువు కాదని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? ఒక్కరికోసం నా పట్టికలో వరసే లేదు. అయినా ఆ ఉదయం నేను ఏ వరసా వెతుక్కోలేదు. మేకు మీద నిటారుగా నిలబడి, ఆ గొంతు విన్నాను.