ముల్కీ దర్ఖాస్తు

నిజాం ఇలాకాలోని ఎల్లారెడ్డి ఊళ్ళో సర్కారు దవాఖానాలో కాంపౌండరుగా పదహారేళ్ళు పనిచేశాను. పదహారేళ్ళూ తాత్కాలికమే. ఏడాది ముగిసే ముందు దర్ఖాస్తు పెట్టుకోవడం, మరో ఏడాదికి గడువు పెంచారని తెలిసేదాకా అన్నం సయించకపోవడం, ఇదే నా బతుకు. మాది రేపల్లె, ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి. నిజాం సర్కారు దృష్టిలో నేను ముల్కీని కాను, అంటే ఈ సంస్థానం మనిషిని కాను. పదహారో యేడు కొత్త హుకుం వచ్చింది. ముల్కీ సర్టిఫికెట్ తేలేనివాళ్ళకు ఇక పొడిగింపు లేదట.

పదిహేనేళ్ళు ఇక్కడ కాపురముండి, సొంతూరికి తిరిగిపోయే ఉద్దేశం వదులుకున్నానని రుజువు చేస్తే పరాయివాడూ ముల్కీ అవుతాడు. మనసులోని ఉద్దేశాన్ని ఎలా రుజువు చేస్తారో ఆ నియమం రాసిన మహానుభావులకే తెలియాలి. ఊరి పెద్దమనిషి సాక్ష్యం చాలన్నారు. రైతు బాలనర్సయ్యను అడిగాను. ఆయన అబద్ధమాడడని ఊరంతా అంటారు, నేను వచ్చిన నాటి నుంచి నన్నెరుగును.

విచారణ కామారెడ్డి కచేరీలో. బస్సులో దారి పొడుగునా ఏమడిగితే ఏం చెప్పాలో నేర్పాను. ఆయన ఒక్క ముక్క మరచిపోలేదు. ఎన్నేళ్ళున్నానో, ఏ ఇంట్లో ఉన్నానో అన్నీ చెప్పాడు. అధికారి పక్కన కూర్చుని రాసుకుంటున్న పేష్కారు చివరగా అడిగాడు.

"తన ఊరికి పోతుంటడా?"

బాలనర్సయ్య మొహం వెలిగిపోయింది.

"పోకుంటెట్ల సాబ్? ఎండకాలం వచ్చిందంటె తల్లి కాడికి పోవుడే. ఎన్నడు తప్పలె. పోయినేడు ఆమెకు ఇల్లు గూడ కప్పిచ్చిండు. రేపు ఆమె రమ్మంటె నౌకరి ఇడిషిపెట్టి పోతడు. గసుంటి మనిషి."

అక్కడ మనిషిని మెచ్చుకోవడమంటే అదే. కన్నతల్లిని, పుట్టినూరిని మరవనివాడని చెప్పాక ఇంకేం కావాలి? పేష్కారు ఆ చివరి మాటలు పొల్లుపోకుండా ఉర్దూలో రాసుకున్నాడు. అధికారి నా ఫారం తిరగేశాడు. సంతానం అన్నచోట "లేరు" అని ఉంది. "ఇక్కడ నీకంటూ ఏముందయ్యా?" అన్నాడు, కోపమేమీ లేకుండానే. దర్ఖాస్తు కొట్టేశాడు.

బయటికి రాగానే నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నా, మా ఎస్తేరు సంగతి చెప్పలేకపోయావా?"

ఎస్తేరు మా ఒక్కగానొక్క బిడ్డ. ఎల్లారెడ్డిలోనే పుట్టింది. ఆరో ఏట జ్వరంతో, నేను కలిపిన మందు తాగుతూనే పోయింది. ఊళ్ళో కిరస్తానీల శ్మశానం లేక పూడ్చడానికి జాగా కోసం తిరుగుతుంటే ఈ బాలనర్సయ్యే తన చెలకలో ఒక మూల ఇచ్చాడు. నేటికీ ఆ మూలకు నాగలి పోనివ్వడు.

ఆయన తెల్లబోయాడు. "మంచి పనికని పోయి సచ్చిన బిడ్డ పేరు తీస్తమా సార్? గా మాట నోటికెట్లొస్తది? మీ మేలు కోరే గద నేనొచ్చింది."

ఫారంలో "లేరు" అని రాసిన చెయ్యి నాదే. నాకు మాత్రం నోటికొచ్చిందా?

నెల తిరిగేసరికి కొత్త కాంపౌండరు దిగాడు. బయల్దేరే రోజు పొద్దున్నే నా భార్య కరుణమ్మ చెలక మూలకు వెళ్ళి కూర్చుంది. బస్సుకు వేళవుతోందని పిలిచాను. లేవలేదు. రెండుసార్లు పిలిచాక తలెత్తింది.

"మీ అమ్మ అక్కడుందని మిమ్మల్ని అక్కడికి తోలేస్తున్నారు. దీనికి అమ్మను నేను. నన్నిక్కడ ఉండనివ్వమని ఏ కచేరీలో దర్ఖాస్తు పెట్టాలండీ?"