పరిశీలించినవారు: జాహెదా

తెర మీద నలభై మూడు చుక్కలు పచ్చగా ఉన్నాయి. ఒకటి ఎర్రగా ఉంది. జాహెదా కళ్ళజోడు పైకి తోసుకుని ఎర్ర చుక్క పక్కనున్న పేరు చదివింది. రొంపిచెర్ల. నిన్న సాయంత్రం పంపిన వెర్షన్ అక్కడి కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. డిస్కులో చోటు లేదని కారణం కూడా రాసి ఉంది.

"వెళ్ళొస్తా," అంది. వినడానికి ఆఫీసులో అప్పటికి ఎవరూ లేరు.

నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టు పైన, రెండో అంతస్తులో, మూడు గదుల ఆఫీసు అది. పల్నాడులోని కోల్డ్ స్టోరేజీలకీ పత్తి మిల్లులకీ లారీ కాటాల ప్రోగ్రాం అక్కడే తయారవుతుంది. లారీ కాటా ఎక్కితే బరువు చూసి చీటీ కొట్టే ప్రోగ్రాం. జాహెదా ఇరవై రెండేళ్ళుగా అక్కడ పని చేస్తోంది. మొదట్లో ఆమె పని మోసుకెళ్ళడమే. కొత్త వెర్షన్‌ని సీడీలో, ఆ తర్వాత పెన్‌డ్రైవులో పెట్టుకుని, రుమాలు కొసన ముడివేసుకుని, మాచర్ల బస్సో గురజాల బస్సో ఎక్కేది. ఒక్కో వెర్షన్ అన్ని ఊళ్ళకీ చేరడానికి పదకొండు రోజులు పట్టేది. ఆ బస్సుల్లో ఒకదానికి కండక్టరు నూర్ మొహమ్మద్. అలా తెలిసిన మనిషినే పెళ్ళి చేసుకుంది. పిల్లలు కలగలేదు.

ఇప్పుడు ఎవరూ మోసుకెళ్ళనక్కర్లేదు. ఆ మోత తీసేసింది జాహెదాయే. నాలుగేళ్ళు కూర్చుని, పుస్తకాలు చూసుకుని, తప్పులు చేసి, దిద్దుకుని, స్క్రిప్టు తర్వాత స్క్రిప్టు రాసింది. నిహారిక అనే అమ్మాయి రాత్రిళ్ళు ఇంట్లో కూర్చుని రాసిన మార్పుల్ని పొద్దున ఆరింటికి సర్వర్ తనంతట తానే తీసుకుంటుంది. ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం కడుతుంది. రెండు వందల ఉత్తుత్తి లారీలు తూస్తుంది. ఆ లారీలకి నంబర్లుంటాయి, డ్రైవర్లకి పేర్లుంటాయి, ఎన్ని మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎక్కించారో కూడా ఉంటుంది. తూకాలు సరిపోతే ఆ వెర్షన్‌కి ఒక నంబరు వేసి దాచిపెడుతుంది. అలా దాచినవి ఆరు వందల పైచిలుకు ఉన్నాయి. మనిషి లేని గదిలో, లేని లారీలు రోజూ కాటా ఎక్కి దిగుతున్నాయని తలుచుకుంటే కొత్తలో ఆమెకి ఒళ్ళు జలదరించేది. తర్వాత అలవాటైపోయింది.

మనిషి చెయ్యి ఒక్కచోటే మిగిలింది. సాయంత్రం నాలుగు దాటాక జాహెదా ఆ రోజు వెర్షన్ తెరిచి, తన చేత్తో ఒక లారీ తూస్తుంది. నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసివేసే లెక్క కాయితం మీద పెన్నుతో కూడా చేసుకుంటుంది. పన్నెండేళ్ళ కిందట ఒక్కసారి చూడకుండా పంపింది. అది ఖాళీ లారీ బరువు తీసెయ్యని వెర్షన్. ముప్పాళ్ళ దగ్గర ఒక కాటా ముందు రైతూ గుమాస్తా చొక్కాలు పట్టుకున్నారు. ఆమె బస్సు దిగి వెళ్ళేసరికి రైతు చెవికి గుడ్డ అదుముకుని కూర్చుని ఉన్నాడు. "తప్పు నాదేనేమో," అంటున్నాడు. ఆ మాట ఆమెని చాలాకాలం నిద్రపోనివ్వలేదు.

తూకం సరిపోయాక ఆమోదం బటన్ నొక్కుతుంది. బటన్ పచ్చగా వెలుగుతుంది. వెర్షన్ కింద 'పరిశీలించినవారు: జాహెదా' అని పడుతుంది. నాలుగుంబావుకి నలభై నాలుగు కాటాలకీ ఫోన్ వెళ్తుంది, ఆమె గొంతుతోనే. "నేను జాహెదాని. కొత్త వెర్షన్ వస్తోంది. అయిదు నిమిషాలు కాటా ఆపండి." రెండేళ్ళ కిందట సర్వర్ గదిలో నిలబడి రికార్డు చేసిన మాటలవి. చివర్లో దగ్గు ఆపుకున్న చప్పుడు కూడా వినపడుతుంది. ఫోన్లు సరిగ్గా వెళ్తున్నాయో లేదో తెలియాలని తన నంబరూ ఆ జాబితాలో చేర్చుకుంది. రోజూ నాలుగుంబావుకి తన గొంతు తనకే ఫోన్ చేస్తుంది. ఆదివారాలు ఇంటి నుంచి పని చూసేటప్పుడు ఫోన్ మోగితే నూర్ మొహమ్మద్ తీసి అందించేవాడు. "ఇంకో నువ్వు పిలుస్తోందే," అనేవాడు.

ఆయన జనవరిలో పోయాడు.

రొంపిచెర్ల బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. జూన్ ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తెల్లవారుజామున నమాజుకి లేచినప్పటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. దాన్ని కుడిచేత్తో నొక్కుకుంటూ కూర్చుంది.

కోల్డ్ స్టోరేజీ గేటు పక్కనే కాటా గది. అందులో పని చేసే వీరరాఘవమ్మకి అరవై దాటాయి. సీడీల కాలం నుంచీ జాహెదాకి తెలిసిన మనిషి. కుర్చీ ఖాళీ చేసి తాను స్టూలు మీదికి జరిగింది.

"ఏమే, మొహం పీక్కుపోయిందేందే?"

"ఎండ పిన్నీ."

జాహెదా కంప్యూటర్ తెరిచి చూసింది. పాత వెర్షన్లు ఒక్కటీ పోకుండా పేరుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే తుడిచేస్తూ వచ్చింది. బయట లారీ కాటా ఎక్కింది, చీటీ వచ్చింది, లారీ దిగింది. వీరరాఘవమ్మ చీటీ కిటికీలోంచి అందించి ఇటు తిరిగింది.

"చానా రోజుల నుంచి ఒకటి అడుగుదామనుకుంటన్నా. ఏమనుకోబాకే."

"అడుగు పిన్నీ."

"మీ ఆయన పోయిన రోజు కూడా ఫోన్ చేశావు గదా. నాకు అప్పటికి తెలవదు. సరేనమ్మా అని పెట్టేశా. తెల్లారి తెలిసింది. ఎట్టాంటి గుండే తల్లీ, గొంతన్నా వణకలేదు అనుకున్నా."

జాహెదా చేతులు ఆగాయి.

"అది రికార్డు పిన్నీ. మిషను చేస్తది. నేను నొక్కితేనే చేస్తది."

"మరి నొక్కావనేగా."

"నొక్కలేదు. మూడు రోజులు ఆపమని సార్‌కి చెప్పా."

వీరరాఘవమ్మ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా అంది. "మూడు రోజులూ వచ్చిందే ఫోను."

ఫోన్లో చూసుకుంటే ఎర్ర చుక్క పచ్చబడింది. జాహెదా లేచి నిలబడింది. వెళ్ళొస్తానని చెప్పిందో లేదో ఆమెకి గుర్తు లేదు.

ఆఫీసుకి వచ్చేసరికి రెండున్నర అయింది. నిహారిక ముందు గదిలో చెవుల్లో పాటలు పెట్టుకుని పని చేసుకుంటోంది. జాహెదా లోపలి గదిలో తన సీట్లో కూర్చుని పాత రికార్డులు తీసింది. జనవరి ఇరవై రెండు, నాలుగూ ఆరు. పరిశీలించినవారు: జాహెదా. ఇరవై మూడు, నాలుగూ మూడు. ఇరవై నాలుగు, నాలుగూ తొమ్మిది.

ఇరవై రెండున నాలుగూ ఆరుకి ఇంటి వెనక ఆయనకి ఆఖరి స్నానం చేయిస్తున్నారు. ఆమె తలుపు పక్కన గోడకి ఆనుకుని నీళ్ళ చప్పుడు వింటూ ఉంది. ఆ నీళ్ళ చప్పుడు ఆగిపోతే బాగుండుననీ, ఆగిపోకుంటే బాగుండుననీ అనుకుంటూ ఉంది.

ఇంకా వెనక్కి వెళ్ళింది. తను పని చేసిన రోజులూ, చెయ్యని రోజులూ పక్కపక్కన పెట్టి చూసింది. తేడా లేదు. శుక్రవారాలు తను కాస్త ముందుగా నొక్కుతుంది. లేని శుక్రవారం కూడా ముందుగానే పడింది. సోమవారాలు ఆలస్యం చేస్తుంది. లేని సోమవారం కూడా ఆలస్యమే. ఎవరో తన కుర్చీలో కూర్చుని, తనలాగే పెన్ను తీసి, తనలాగే తటపటాయించి నొక్కినట్టుంది. ఆమె కుర్చీ వెనక్కి తిరిగి చూసింది. గోడ ఉంది.

జ్ఞానేశ్వర్ గుంటూరు వెళ్ళడానికి కారు తాళాలు తీసుకుని బయటికి వస్తుంటే ఆమె లేచి ఎదురెళ్ళింది. కంపెనీ అతనిదే. ఆమె కంటే చిన్నవాడు. "అక్కా" అనే పిలుస్తాడు.

"సార్, జనవరి ఇరవై రెండున ఎవరు నొక్కారు?"

అతను తాళాలు జేబులో వేసుకున్నాడు.

"ఎవరూ నొక్కలేదక్కా. అదే నొక్కుకుంది."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎనిమిది నెలలైంది. మీరు ఏ రోజు ఎప్పుడు నొక్కుతారో మూడేళ్ళ రికార్డు తీసి, అట్నే పడేటట్టు నిహారిక రాసింది. అగ్రిమెంట్లో మనిషి చూసి పంపాలని ఉందిగా. అందుకని మీ పేరే ఉంచాం."

"మరి రోజూ నేను నొక్కేది?"

"అది ఊరికే వెలుగుతుందక్కా."

జాహెదా బల్ల అంచు పట్టుకుంది. "ఏప్రిల్లో ఒక రోజు తూకం తప్పిందని వద్దన్నా. నొక్కలేదు ఆ రోజు."

"ఆ వెర్షన్ కూడా వెళ్ళిపోయింది. తెల్లారి నిహారిక సరిచేసింది. ఎవరూ గమనించలేదు. ఆ రోజూ, మీరు లేని రోజుల్లోనూ మీకు ఫోన్ రాకుండా చేశాం." అతని గొంతు తగ్గింది. "చెబితే నొచ్చుకుంటారని చెప్పలేదక్కా. మీ జీతం ఎక్కడికీ పోదు. ఉండండి, మీరు ఉండండి."

అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కింద కారు కదిలిన చప్పుడు వినపడింది.

జాహెదా సీట్లోకి వచ్చింది. నొప్పి భుజం నుంచి మోచేతికి దిగింది. ఆ రోజు వెర్షన్ తెరిచింది. నిండు బరువు వేసింది, ఖాళీ బరువు వేసింది, కాయితం మీద తీసివేత చేసింది. రెండుసార్లు చేసింది. సరిపోయింది. బటన్ నొక్కింది. పచ్చగా వెలిగింది. అంత అందంగా వెలుగుతుందని ఎప్పుడూ గమనించలేదు అనుకుంది.

అప్పుడు స్క్రిప్టులు తెరిచింది. తను రాసినవి కాబట్టి ఎక్కడ ఏముందో తెలుసు. నిహారిక చేర్చిన వరసలు మధ్యలో కనిపించాయి. చక్కగా, పొందికగా రాసింది పిల్ల. వాటిని కదిలించలేదు. తన పేరున్న చోట తన పేరు తీసేసి, ఏమీ రాయకుండా ఖాళీ వదిలింది. గొంతు దాచిన ఫైలు తీసి ఒకసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "నేను జాహెదాని." రెండేళ్ళ కిందటి గొంతు అది. ఇంట్లో మనిషి ఉన్నప్పటి గొంతు. చివరిదాకా, దగ్గు ఆపుకున్న చప్పుడు దాకా విని, తుడిచేసింది.

గడియారం మూడూ యాభై ఎనిమిది చూపిస్తోంది. భుజానికి ఆసరాగా కుర్చీలో వెనక్కి వాలింది. కాసేపు కళ్ళు మూసుకుందామనుకుంది.

నాలుగూ ఏడుకి ఆ రోజు వెర్షన్‌కి ఆమోదం పడింది. 'పరిశీలించినవారు' అన్న మాట పక్కన ఏమీ లేదు. నాలుగుంబావుకి నలభై నాలుగు కాటా గదుల్లో ఫోన్లు మోగాయి. నలభై అయిదోది ఆమె బల్ల మీద మోగింది. ఎవరూ ఎత్తలేదు. నిహారిక చెవుల్లో పాటలున్నాయి. అయిదింటికి టీకి వెళ్దామని లోపలికి వచ్చిన ఆ పిల్ల, నిద్రపోతోందనుకుని నెమ్మదిగా చేతి మీద తట్టింది. చెయ్యి చల్లగా తగిలింది. తెర మీద నలభై నాలుగు చుక్కలూ పచ్చగా ఉన్నాయి.

రొంపిచెర్లలో నాలుగుంబావుకి వీరరాఘవమ్మ ఫోన్ ఎత్తి, "చెప్పవే," అంది. అవతల మాట లేదు. ఫోన్ పెట్టేసిన చప్పుడూ లేదు. ఎవరో ఉండి పలకనట్టు ఉంది.

"ఏమే జాహెదా, మాట్లాడవేందే? పొద్దున నేనన్న దానికి కోపమా?"

కాటా మీద లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆగమంది. ఫోన్ చెవికి ఆనించుకుని, దానంతట అది తెగిపోయేదాకా నిలబడే ఉంది. ఆ తర్వాత కూడా, ఎప్పటిలాగే, అయిదు నిమిషాలు కాటా ఆపింది.

ఆరు కావస్తుండగా నిహారిక ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆ పిల్ల ఏడుస్తూ రెండు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"ఎన్నింటికి?" అని అడిగింది వీరరాఘవమ్మ.

"తెలీదండీ. నాలుగింటికే అయ్యుంటుందన్నాడు డాక్టరు."

వీరరాఘవమ్మ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. లారీలు అయిపోయాయి. లైటు వేసి, వెళ్ళే ముందు కంప్యూటర్ మీద గుడ్డ కప్పబోతే, దాని వెనక గోడవారగా ఏదో చేతికి తగిలింది. లేతాకుపచ్చ రుమాల్లో కట్టిన స్టీలు డబ్బా. పొద్దున అక్కడ కూర్చున్న మనిషి మధ్యాహ్నానికని తెచ్చుకుని మరిచిపోయిన అన్నం. ముడి విప్పలేదు ఆమె. రుమాలు పక్కకి తప్పుకున్న చోట మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు ఉంది. తోమి తోమి అరిగిపోయి, 'నూర్' వరకే తెలుస్తోంది.