సైలస్‌కి వినపడని గంట

మెల్‌బోర్న్ రేవులో సైలస్ ట్రెంబాత్ పదిహేనేళ్ళు ఓడల బాయిలర్లకి రివెట్లు కొట్టాడు. ఆ సుత్తుల మోతకి చెవులు రెండూ పోయాయి. ఆ పనిలో అందరి గతీ అంతే, అందులో వింతేం లేదు. కానీ శనివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానంలో అంపైర్ ఈల వినపడనివాడితో ఎవరు వేగుతారు? యారా నది అవతలివాళ్ళతో ఆడేదే నీకు ఆఖరి ఆట అని జట్టు పెద్దలు తేల్చి చెప్పేశారు. పైసా జీతం లేకుండా పదకొండేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్న మనిషి, పాపం. గెలిచి వెళ్ళిపోతే చాలనుకున్నాడు.

అవతలి జట్టులో అతనికి ఎదురు నిలబడేది కోర్మాక్ డూలన్, పచ్చి తోళ్ళు నానబెట్టి ఊనే పనివాడు. ఏళ్ళ తరబడి ఒకళ్ళ పక్కటెముకలు ఒకళ్ళు మోచేతులతో కుళ్ళబొడుచుకున్నవాళ్ళే ఇద్దరూ. ఆ రోజూ అదే వరస. పిక్కలదాకా బురద, రెండు జట్లకీ చెరో నాలుగు గోల్స్. పొద్దు వాలుతుండగా బంతి గాల్లోకి లేచింది. సైలస్ డూలన్ భుజం మీదుగా ఎగిరి రెండు చేతులా ఒడిసి పట్టాడు. ఆ ఊరి ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టొచ్చు; అలా గాల్లో పట్టినవాడు నింపాదిగా నిలబడి తన్నొచ్చు, ఎవరూ మీద పడకూడదు.

సరిగ్గా అప్పుడే ఆట ముగిసిందని గంట మోగింది. మోగినా ఆ ఒక్క తన్నూ చెల్లుతుంది. తన్నకుండా పరుగు తీశాడా, ఆట అక్కడితో సరి. సైలస్‌కేమో బంతి దొరికితే పరుగెత్తడమే అలవాటు. గంట వినపడలేదు, వెనక నుంచి తనవాళ్ళు పెడుతున్న కేకలూ వినపడలేదు. పరుగుకి కాలు ఎత్తబోయాడు.

డూలన్ నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, అతని జట్టుకి ఓటమి తప్పేది. ఊరుకోలేదు మహానుభావుడు. రెండు చేతులూ చాచి ఆపాడు. తన చెవి చూపించి, గంట కొట్టినట్టు చెయ్యి ఊపి, వేలితో గోల్ స్తంభాల వైపు చూపించాడు.

సైలస్ ఆగి తన్నాడు. బంతి స్తంభాల మధ్యనుంచి పోయింది.

భుజాలకెత్తుకోబోయిన జనాన్ని విడిపించుకుని తిన్నగా డూలన్ దగ్గరికి వెళ్ళి, ఎందుకు చెప్పావని అడిగాడు. డూలన్ అతనికి తెలిసేలా పెదాలు నెమ్మదిగా కదిపాడు.

"నీ చెవుడు అడ్డం పెట్టుకుని నీ గోల్ ఆపానంటే మా ఆవిడ గుమ్మం ఎక్కనివ్వదురా."

సైలస్ అతని చెయ్యి పట్టుకున్నాడు. ఈ మనిషినేనా తను ఇన్నేళ్ళూ తిట్టిపోసింది?

"చచ్చేదాకా నీ మేలు మర్చిపోను డూలన్" అన్నాడు. మెల్లగానే అన్నాననుకున్నాడు. చెవిటివాడి గొంతు కదా, కంచె పక్కనున్న జనమంతా తిరిగి చూశారు.

డూలన్ కంగారు పడిపోయాడు. "మెల్లగా చావరా, మావాళ్ళు వింటే నా తోలు ఊనేస్తారు."

పెదాలు చూసి సైలస్‌కి ఆ మాట బాగానే తెలిసింది. తలమీది టోపీ తీసి, తను ముందన్న మాటే మళ్ళీ అన్నాడు, ఈసారి కావాలనే, మైదానమంతా వినేలా.