రెండోసారి వినిపించలేదు

గల్ఫ్‌లో ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో చైనా క్లస్టర్ అని బిల్డింగుల గుంపొకటుంది. పేరుకి చైనాయే గానీ మలయాళీ సెలూన్లు, పాకిస్తానీ టైలర్లు, మన గోదావరి జిల్లా ఆయన పెట్టిన కర్రీ పాయింటు, అన్నీ అక్కడే ఉంటాయి. అందులో ఒక బిల్డింగు మొదటి అంతస్తులో హబీబుల్లా అనే హైదరాబాదాయన ఇంగ్లీషు సెంటర్ నడుపుతున్నాడు. అందరూ ఆయన్ని ముదీర్ అంటారు, అరబ్బీలో మేనేజరని. కొత్తగా చేరబోయే పిల్లలకి ఇంగ్లీషు ఏపాటి వచ్చో తేల్చమని కొన్ని బడులు ఆ సెంటరుకి పంపుతుంటాయి. అక్కడ రెండు పరీక్షలు. ఒకటి విని జవాబు పెట్టేది, ఇంకోటి చదివి జవాబు పెట్టేది.

ఆ సెంటర్లో తలుపు తీసేదీ, టీ పెట్టేదీ, పేపర్లు జిరాక్సు తీసేదీ సనావుల్లా. నెల్లూరు దగ్గర కోవూరు మనిషి. యాభై రెండేళ్ళు. ఏడో తరగతి పాసై ఎనిమిదిలో బడి మానేశాడు. రెండేళ్ళ కిందట ఒక మేష్టారు ఉద్యోగం వదిలి వెళ్ళినప్పుడు, పరీక్ష గదిలో లాప్‌టాప్ మీద ఆడియో నొక్కే పని కూడా ఇతని మీదే పడింది. సనావుల్లా దాన్ని భారం అనుకోలేదు. పరీక్ష ఉన్న రోజుల్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. నైఫ్ పేటలో తన గదిలోవాళ్ళతో "రేపు నాకు ఎగ్జామ్ డ్యూటీ ఉండాది" అని ఒకటికి రెండుసార్లు చెప్పుకునేవాడు.

రెండు వేల ఇరవై మూడు ఆగస్టులో ఒక శనివారం పదకొండు మంది చైనా పిల్లలు వచ్చారు. అందరికీ పదహారేళ్ళు అటూ ఇటూ. వాళ్ళ అమ్మానాన్నలకి డ్రాగన్ మార్ట్ అనే చైనా బజారులో లైట్లు, టైల్స్, కర్టెన్ల దుకాణాలు. పిల్లలు నిన్నమొన్నటిదాకా చైనాలోనే తాతల దగ్గర ఉండి హైస్కూలు చదివారు. ఇక్కడ పదకొండో తరగతిలో చేరాలంటే వినే పరీక్షలో ఇరవైకి పన్నెండు రావాలి. రాకపోతే పదిలో కూర్చోవాలి, అంటే ఏడాది పోయినట్టే.

తొమ్మిదింటికి సనావుల్లా లాప్‌టాప్ తెరిచాడు. ఆడియోలో మొదటి మూడున్నర నిమిషాలు ఒక దొరగారి గొంతు నియమాలు చదువుతుంది. మొదట్లో సనావుల్లా మొత్తం వినిపించేవాడు. మన ఇండియా పిల్లలు "అంకుల్, స్కిప్ కరో" అని గోల పెట్టేవాళ్ళు. ఒక బ్యాచ్ కాగానే ఇంకో బ్యాచ్‌కి గది ఇవ్వాలని హబీబుల్లా తొందరపెట్టేవాడు. అలా అలా, మూడు నిమిషాల నలభై సెకన్ల దగ్గరికి జరిపి నొక్కడం అలవాటైపోయింది. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు. ఆ రోజూ అలాగే జరిపి నొక్కాడు.

ముందు అయిదు చిన్న చిన్న సంభాషణలు. పిల్లలు టకటకా టిక్కులు పెట్టారు. తర్వాత పెద్ద సంభాషణలు మొదలయ్యాయి. అప్పుడు విచిత్రంగా అందరూ పెన్నులు కింద పెట్టేశారు. కళ్ళు పేపరు మీద, చెవులు స్పీకరు మీద. నమాజులో కూర్చున్నంత నిశ్శబ్దం. 'ఎంత బుద్ధిమంతులబ్బా' అనుకున్నాడు సనావుల్లా. ఒక సంభాషణ అయిపోయేసరికి పెన్నులు ఎత్తి పట్టుకున్నారు. ఈలోగా తర్వాతది మొదలైంది. పిల్లలు మొహామొహాలు చూసుకున్నారు. ముందు వరసలో షుయాన్ అనే అమ్మాయి చెయ్యెత్తి రెండు వేళ్ళు చూపించింది.

మన బళ్ళలో రెండు వేళ్ళు చూపిస్తే దేనికో మనకి తెలుసు గదా. సనావుల్లా జాలిపడి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళి తలుపు తీసి బాత్రూము వైపు చూపించాడు. ఆ పిల్ల ఎర్రబడిపోయి తల అడ్డంగా ఊపి కూర్చుంది.

పదకొండున్నరకల్లా చదివే పరీక్ష కూడా ముగిసింది. పిల్లలు కిందనున్న నూడుల్స్ హోటల్‌కి దిగారు. పక్క గదిలో అమూల్య పేపర్లు దిద్దుతోంది. విజయవాడ అమ్మాయి, ముప్ఫై నాలుగేళ్ళు. సెంటర్లో మార్కులేసి రిపోర్టు రాసేది ఆమే. సనావుల్లా టీ తీసుకెళ్ళాడు.

"చూశారా భాయ్, చదివేదాంట్లో అందరికీ పదహారు, పదిహేడు. వినేదాంట్లో ఆరు, ఏడు, ఎనిమిది. హావో అనే అబ్బాయొక్కడికి పదమూడు. మొదటి అయిదూ రైటు పెట్టారు, ఆ తర్వాత సగం ఖాళీ."

"ఎందుకట్టా మేడమ్?"

"బట్టీ చదువులు కదా. కాగితం మీదైతే చదివేస్తారు, మనిషి నాలుగు మాటలు వరసగా మాట్లాడితే చెవికెక్కదు. నాలుగింటికల్లా రిపోర్టు బడికి పంపాలి. పది మందికి ఒకటే వాక్యం రాసేస్తే సరిపోతుంది."

సనావుల్లా తల ఊపి వచ్చేశాడు. చెత్త పడేసి రావడానికి కిందకి దిగితే మెట్ల దగ్గర షుయాన్ నిలబడి ఉంది. ఆ పిల్ల తన ఫోనులో చైనా భాషలో ఏదో చెప్పి, ఫోను ఇతని వైపు తిప్పింది. ఫోను హిందీలో అడిగింది. "అంకుల్, దోబారా క్యోం నహీ సునాయా?"

రెండోసారి ఎందుకు వినిపించలేదని.

"ఏక్ హీ బార్ హోతా హై బేటీ," అన్నాడు సనావుల్లా, ఒక్కసారే వినిపిస్తారని. పిల్ల మళ్ళీ ఫోనుతో మాట్లాడింది. ఫోను మళ్ళీ హిందీలో చెప్పింది. మా దేశంలో పెద్ద సంభాషణలు ఎప్పుడూ రెండుసార్లు వినిపిస్తారు. మొదటిసారి వినాలి, రెండోసారి రాయాలి. మా టీచర్లు మూడేళ్ళు అదే నేర్పారు. ఒకసారే అని మాకు ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోవడమేంటి, మొదట్లోనే చెప్తారు గదా అనబోయాడు సనావుల్లా. ఆ చెప్పే మూడున్నర నిమిషాలే కదా తను జరిపేసింది!

చెత్త సంచి చేతిలోనే ఉంది. అది పడెయ్యడం మరిచిపోయి బిల్డింగు వెనక్కి వెళ్ళి రహీమాబీకి ఫోన్ చేశాడు. రహీమాబీ అతని భార్య. డేరా అనే పేటలో ఒక డాక్టరు ఇంట్లో వంట చేస్తూ అక్కడే ఉంటుంది. శుక్రవారం శుక్రవారం కలుస్తారు.

విషయమంతా విని ఆమె, "ఏమయ్యా, నీకు బుద్ధుందా? వింటే వింటారు, లేకుంటే లేదు. నువ్వెందుకు ముందుకు జరిపినావు?" అంది.

"అలవాటైపోయింది రహీమా."

"సరే, ఇప్పుడేంది? నువ్వు నోరు తెరవకపోతే ఎవురికి తెలుస్తాది?"

"ఎవురికీ తెలియదు."

"నీ వీసా ఎప్పటికి?"

"అక్టోబరుకి అయిపోతాది. ముదీర్ మొన్ననే చెప్పినాడు, ఒక్క కంప్లైంటు వచ్చినా ఖలాస్ అని."

అవతల కుక్కర్ విజిల్ వేసింది. ఆమె మళ్ళీ అడిగింది. "పదకొండు మందా?"

"పదకొండు మంది. అందులో పదిమందికి ఏడాది పోతాది."

"నువ్వు ఎనిమిదిలో మానేసినప్పుడు మీ నాయన 'పోయిన చదువు మళ్ళీ రాదురా' అన్నాడని నాకు వందసార్లు చెప్పినావు," అంది రహీమాబీ. "అది పోనీలే. నేను చెప్పమంటే రేపు ఉద్యోగం పోతే నన్నంటావు. చెప్పొద్దంటే నిద్రపోవు, ఫోన్ చేసి నా నిద్ర చెడగొడతావు. నీ ఇష్టం. నాకు పప్పు మాడతా ఉండాది." ఫోన్ పెట్టేసింది.

అప్పుడు పన్నెండున్నర అయింది. సనావుల్లా పైకొచ్చి అమూల్య గది బయట రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. మూడోసారి లోపలికెళ్ళాడు.

"మేడమ్, రిపోర్టు పంపినారా?"

"ఇంకా లేదు. ఏం భాయ్?"

"పంపబాకండి. తప్పు ఆ పిల్లోళ్ళది కాదు, నాది."

నిలబడే మొత్తం చెప్పాడు. ఏమీ దాచలేదు, రెండు వేళ్ళ సంగతి కూడా. అది విన్నప్పుడు అమూల్యకి నవ్వు రాబోయింది, కానీ ఆగిపోయింది. మొహం గంటుపెట్టుకుని, "మీకు నేను రాసిచ్చాను కదా భాయ్, మొదటినుంచీ వెయ్యాలని! గోడకి అంటించారు కూడా!" అంది.

"అంటించినా మేడమ్. చదవడం మానేసినా."

అమూల్య పేపర్లన్నీ మళ్ళీ ముందేసుకుంది. ఒక్కొక్కటే తిప్పింది. హావోది తప్ప ప్రతి దాంట్లోనూ అయిదో ప్రశ్న దగ్గర గీత గీసినట్టు మార్కులు దాదాపు ఆగిపోయాయి. ప్రశ్నపత్రం తయారుచేసింది ఆమే. 'ఒక్కసారే వినిపిస్తాం' అన్న ముక్క దాని మీద ఎక్కడైనా ఉందా అని చూసింది. లేదు. కంప్యూటర్లో పది రిపోర్టుల్లోనూ 'వరుస సంభాషణను అనుసరించలేరు' అన్న తన వాక్యమే ఉంది. దాన్ని ఒక్కొక్క రిపోర్టులోంచీ కొట్టేసింది.

"ముదీర్ గారికి చెప్పాల్సిందే," అంది. "మీ పేరు చెప్పకుండా చెప్పలేను."

"చెప్పండమ్మా. నేనూ వస్తా."

హబీబుల్లా తన గదిలో బిర్యానీ పొట్లం విప్పుతున్నాడు. విన్నాక పొట్లం మళ్ళీ మూసేశాడు.

"ఏం లొల్లి ఇది? గా చైనోళ్ళు అడిగిండ్రా? బడోళ్ళు అడిగిండ్రా? ఎవ్వరడగంది మీరెందుకు తవ్వుకుంటున్రు?"

"ఒక అమ్మాయి అడిగింది సార్," అంది అమూల్య.

"గామె పోరి. మర్చిపోతది."

"నేను మర్చిపోను సార్. ఈ రిపోర్టు మీద సంతకం నాది. వాళ్ళకి వినడం రాదని రాయాలంటే, విననిచ్చి రాయాలి. రెండో సెట్ ఆడియో ఉంది. పిల్లలు కిందే ఉన్నారు. ఇరవై అయిదు నిమిషాల పని."

"మరి బడోళ్ళకేం చెప్తవ్?"

"ఏం జరిగిందో అదే."

హబీబుల్లా సనావుల్లా వైపు చూశాడు. "నీకెందుకు చాచా గింత షోకు? నొక్కుమన్నది నొక్కి ఊకోక! గీ వయసుల ఊరికి పోయి ఏం జేస్తవ్?"

"పొరపాటు నాది సార్. మీరేం చేసినా పడతా," అన్నాడు సనావుల్లా.

"పడతవ్‌లే. జెల్దీ కానియ్యుండ్రి. రెండున్నరకి ఇంకో బ్యాచ్ ఉంది నాకు."

సనావుల్లా కిందకి పరిగెత్తాడు. నూడుల్స్ హోటల్లో పదకొండు మందీ ఇంకా గిన్నెల మీదే ఉన్నారు. షుయాన్‌కి రెండు వేళ్ళు చూపించి, పైకి రమ్మని చెయ్యి ఊపాడు. ఆ పిల్లకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మిగతావాళ్ళకి గబగబా ఏదో చెప్పింది. సగం తిన్న గిన్నెలు వదిలేసి అందరూ లేచారు.

ఈసారి లాప్‌టాప్ ముందు అమూల్య కూర్చుంది. దొరగారి గొంతు మూడున్నర నిమిషాలూ మాట్లాడింది. అదయ్యాక కూడా అమూల్య ఆపి, షుయాన్ చేత చైనా భాషలో చెప్పించింది. ఒక్కసారే, వింటూనే రాయాలి, రెండోసారి ఉండదు. పిల్లలు పెన్నులు పట్టుకున్నారు. సనావుల్లా తలుపు దగ్గర బయట స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు అద్దంలోంచి పెన్నులు కదలడం కనిపిస్తోంది. కొందరివి ఆగకుండా కదులుతున్నాయి. ఇద్దరు ముగ్గురివి మధ్యలో తడబడుతున్నాయి. హావో అనే అబ్బాయి పెన్ను కొస కొరుకుతున్నాడు.

మూడింటికి మార్కులు తేలాయి. షుయాన్‌కి పదహారు. ఆ పిల్లతో కలిపి ఎనిమిది మంది పన్నెండు దాటారు. ఇద్దరు ఈసారీ దాటలేదు, వాళ్ళకి నిజంగానే వినడం కష్టం. పదకొండోవాడు హావో. పొద్దున పదమూడు వచ్చినవాడికి ఇప్పుడు తొమ్మిది.

"ఇదెట్టా మేడమ్?" అన్నాడు సనావుల్లా.

"పొద్దున ఆఖరి పదిహేనూ గుడ్డిగా పెట్టేశాడనుకుంటా. కొన్ని తగిలాయి. ఇప్పుడు విని పెట్టాడు."

"మరి ఆ పిల్లోడికి పొద్దునది లెక్క వేసుకోకూడదా?"

అమూల్య హావో పేపర్లు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "పొద్దున పరీక్షే చెల్లదని బడికి ఫోన్ చేసి చెప్పాను. అందరికీ చెల్లనిది అతనొక్కడికి ఎలా చెల్లుతుంది భాయ్?"

నాలుగింటికి రిపోర్టు వెళ్ళింది. దాంతోపాటు ఒక కాగితం కూడా వెళ్ళింది. ఆడియో మొదటి భాగం వినిపించకపోవడం సనావుల్లా పొరపాటనీ, ప్రశ్నపత్రం మీద ఆ నియమం రాయకపోవడం తన పొరపాటనీ అమూల్య రాసింది. సనావుల్లా కింద తెలుగులో సంతకం పెట్టాడు. హబీబుల్లా ఆ కాగితం చదివి, "ఇగ పరీక్ష గదిలకి నువ్వు పోవద్దు. తలుపు, టీ, జిరాక్స్. అంతే," అన్నాడు. వీసా మాట ఎత్తలేదు. సనావుల్లా అడగలేదు.

అయిదింటికి తల్లిదండ్రులు ఫలితం కోసం వచ్చారు. ఎక్కువమంది కాగితం చూసుకుని, తల ఊపి, పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. షుయాన్ నాన్న కూతురి బ్యాగు తనే మోసుకెళ్ళాడు. హావో తల్లి మాత్రం కాగితం పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయింది. కర్టెన్ల దుకాణంలో బేరాలాడి నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెది, సనావుల్లా ఇంగ్లీషు లాంటిదే. పొద్దున పరీక్షలో తన కొడుకు పాసయ్యాడని ఎవరో చెప్పినట్టున్నారు.

"ఫస్ట్ టెస్ట్, గుడ్. సెకండ్ టెస్ట్, హూ యాస్క్?" అని వేళ్ళతో, మాటలతో అడిగింది.

లోపల హబీబుల్లా తల ఎత్తి చూశాడు. అమూల్య కుర్చీలోంచి లేవబోయింది. ఈలోపే సనావుల్లా తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మీ. ఐ యాస్క్. ఫస్ట్ టైమ్, మై మిస్టేక్," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా పడదామనుకున్నాడు. కొడుకు ఆమె చెయ్యి పట్టుకుని చైనా భాషలో ఏదో చెప్పాడు, పొద్దున గుడ్డిగా పెట్టానని కాబోలు. తల దించుకునే చెప్పాడు, కానీ గట్టిగానే చెప్పాడు. ఆమె వాణ్ణి ఒకసారి చూసి, గట్టిగా ఊపిరి వదిలింది.

"నెక్స్ట్ టెస్ట్, వెన్?"

అక్టోబరులో ఉందని సనావుల్లాకి తెలుసు. తారీఖు తెలియదు. లోపలికి వెళ్ళి అమూల్యని అడిగి, చీటీ మీద అంకెలు పెద్దవిగా రాసి తెచ్చాడు. అక్టోబరు పద్నాలుగు, పొద్దున తొమ్మిది. ఆమె ఆ చీటీని పర్సులో పెట్టుకుంది. తల్లీ కొడుకులు మెట్లు దిగుతుంటే, సనావుల్లా వాళ్ళతోపాటు కిందిదాకా దిగి, వాళ్ళ కారు కదిలేదాకా నిలబడి, పైకొచ్చి టీ గ్లాసులు కడుక్కున్నాడు.