గోడ మీద మూడు దెబ్బలు

మా ముత్తాత ముందు మిల్లు కట్టి, మిగిలిన ఇటుకలతో దానికి ఆనించి ఇల్లు కట్టాడు. రెంటికీ ఒకటే గోడ. మిల్లుని తిప్పే ఇనుప షాఫ్టు మా వంటింటి నేల కిందుగా పోతుంది. అందుకే మా ఇంట్లోవాళ్లకి భూకంపం వచ్చినా మెలకువ రాదు. మిల్లు ఆగితేనే ఉలిక్కిపడి లేస్తాం.

వంటింట్లో షాఫ్టుకి బెల్టు తగిలే చోట గొయ్యి, దాని మీద చెక్కమూత. మిల్లు వేసేముందు మిస్త్రీ తాత అవతల నుంచి గోడ మీద మూడు దెబ్బలు కొడతాడు. ఇవతల మూత ఎత్తి, గోతిలో ఎవరూ లేరని చూసి, మనం తిరిగి మూడు కొట్టాలి. నానమ్మ కొట్టింది, అమ్మ కొట్టింది, ఇప్పుడు నా వంతు. రెండేళ్లలో గోతిలో ఎలుకైనా కనపడలేదు. చూడటం మానేశాను.

ఆ రోజు మధ్యాహ్నం పిన్ని ఇంటి చరిత్ర రాస్తానని వచ్చింది. ముత్తాత ఏడున్నర అడుగుల మనిషని, కరెంటు లేనప్పుడు మిల్లుని ఒంటిచేత్తో తిప్పాడని ఓపిగ్గా చెప్పాను. పిన్ని ఒక్క ముక్క రాసుకోలేదు. ఇల్లు కట్టిన సంవత్సరం ఎక్కడైనా చెక్కారేమో చూస్తానని టార్చి పట్టుకుని లోపలికి పోయింది.

కాసేపటికి దెబ్బలు వినపడ్డాయి. ముందుగదిలో మంచం మీద పడుకునే మడమతో గోడని మూడుసార్లు తన్నాను. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, మూత తీసి ఉంది. పక్కన పిన్ని రాసుకునే పుస్తకం. గోతిలో టార్చి వెలుగు. నేల వణకడం మొదలైంది.

అరిచాను. ఆ చప్పుడులో నా అరుపు నాకే వినపడలేదు. రెండు చేతులతో గోడ బాదాను. ఆపమనడానికి ఎన్ని దెబ్బలో ముత్తాత ఎవరికీ చెప్పి పోలేదు. పెరట్లోంచి మిల్లులోకి పరిగెత్తాను.

"పిన్ని గోతిలో ఉంది."

మిస్త్రీ తాత ఒక్క ప్రశ్న వేయకుండా లీవర్ లాగేశాడు. పోయిన నెలే మోటారులో పాము దూరిందని చెప్పి ఆయన్ని గంటసేపు కర్రతో నిలబెట్టాను. ఎలా నమ్మావని తర్వాత అడిగితే, "నమ్మలేదమ్మాయ్. అబద్ధమైతే మళ్లీ వేసుకుంటా, నాదేం పోయింది," అన్నాడు.

ఇద్దరం గోతి దగ్గరికి వచ్చేసరికి పిన్ని మూలలో గోడకి బల్లిలా అతుక్కుని ఉంది. కొంగు సగం బెల్టు లాక్కుపోయింది. పైకి లాగి కూర్చోబెట్టాం.

"చూసే కొట్టావా?" అంది పిన్ని.

మామూలుగా నా దగ్గర పది జవాబులు సిద్ధంగా ఉంటాయి. "చూడలేదు పిన్నీ."

"ఇదీ రాస్తాను."

"వద్దు పిన్నీ, నానమ్మ చదువుతుంది."

"చదవాలనే."

పెన్ను తీసింది. పుస్తకం నా ముందుకి తోసి, నువ్వే రాయి అంది.