మూడోసారి పిలిచిన పేరు

నేను ఒక మాటను. చేతికి దొరకను, తూకానికి రాను, తుప్పు పట్టను. అయినా నన్ను తయారుచేసినవాడు ఉన్నాడు, వాడినవాళ్లు ఉన్నారు. నా పేరు వినగానే జడుసుకున్నవాళ్లకైతే లెక్కే లేదు. నన్ను సైక్లోన్ అంటారు. ఇంగ్లీషు మాటనే గానీ ఇంగ్లండులో పుట్టలేదు. ఇక్కడే, మన కలకత్తాలో పుట్టాను.

నూట డెబ్బై ఏళ్లు దాటింది. ఆ ఊళ్లో ఓడలు నడిపి మానేసిన ఒక కెప్టెను ఉండేవాడు. మునిగిన ఓడల మీద విచారణ జరపడం ఆయన పని. గాలి దెబ్బ తిన్న ఓడల్లో రాసుకున్న పుస్తకాలన్నీ ముందేసుకుని, ఏ పూట ఏ దిక్కు నుంచి గాలి కొట్టిందో గీతలు గీసి చూస్తే, ఆ గాలి తిన్నగా పోకుండా చుట్ట చుట్టుకుంటోందని తేలింది. పాము చుట్టకు గ్రీకుల దగ్గరున్న మాట ఒకటి తెచ్చి, కాస్త సాపు చేసి నన్ను తీర్చాడు. అప్పట్లో నాలో భయం పాలు తక్కువ. గుండ్రంగా తిరిగే పెద్ద గాలి ఏదైనా నేనే. నావికులు నన్ను నేర్చుకుని, చుట్ట ఎటు తిరుగుతోందో చూసుకుని ఓడను తప్పించుకోవాలని ఆయన ఆశ. మనుషుల్ని బతికించడానికే నన్ను కన్నాడన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఊళ్లు పట్టి తిరిగాను. అమెరికా పల్లెల్లో పొలాల మీద లేచే సుడిగాలికి కూడా నన్నే తగిలించారు. చలిదేశాల పండితులు నాలుగు రోజుల ముసురుకూ నన్నే వాడుకున్నారు. తంతి తీగల మీద పరిగెత్తాను, పత్రికల్లో పెద్దక్షరాలయ్యాను, రేడియో ఎక్కాను. పోను పోను నా అర్థంలో గాలి తగ్గి ఏడుపు పెరిగింది. ఈమధ్య వచ్చే ప్రతి గాలికీ విడిగా ముద్దుపేరు పెడుతున్నారు. నాకు కాస్త అసూయగానే ఉంటుంది, దాచుకోను.

నా కథలో అసలు ముక్క గవ్వలపేటలో జరిగింది. ఉత్తరాంధ్ర తీరంలో అదొక చేపల పల్లె. వాళ్లకు తుపాను అనే మాట ముందే ఉంది గానీ వాడి వాడి అరగదీశారు. నాలుగు చినుకులు పడి గుడిసె మీద తాటాకు లేచినా తుపానే. ఒక కార్తీకమాసంలో ట్రాన్సిస్టర్ రేడియో నా పేరు చెప్పింది. ఏదో ఇంగ్లీషు ముక్క అనుకున్నారు. ‘పెద్దగాలంట’ అన్నారు అప్పటి పెద్దలు. సాయంత్రానికి నలభై ఒక్కమంది లేరు. ఆనాటి నుంచి ఆ ఊళ్లో నా అర్థం ఆ ఒక్క రోజే అయిపోయింది.

దాంతో ఒక కట్టుబాటు కొత్తగా పుట్టింది, ఒక పాతది గట్టిపడింది. పడవలు నీళ్ల మీద ఉండగా నా పేరు ఎత్తకూడదు, ఎత్తితే పడవ తిరిగిరాదు. గాలి లేచిన రోజున పడవలన్నీ తిరిగొచ్చేదాకా ఊరి ఆడవాళ్లు ఒడ్డు విడవకూడదు, ఇది పాతది. తమాషా చూడండి, చంపింది నీళ్లయితే శిక్ష నాకు పడింది.

ఆ నలభై ఒక్కమంది పోయిన రోజు కాసులమ్మకు ఆరేళ్లు. ఆమె తండ్రి వేటకెళ్లాడు. తల్లి ఆ పాత కట్టుబాటు తప్పకుండా ఒడ్డునే కూర్చుంది. తండ్రి పడవ కొట్టుకుపోయి మరో ఊళ్లో తేలింది, మనిషి క్షేమంగా ఇల్లు చేరాడు. ఎదురుచూసిన తల్లి మాత్రం దొరకలేదు.

ఇప్పుడు కాసులమ్మకు యాభై దాటాయి. రేవులో చేపల వేలంపాట ఆమెదే. బుట్ట దింపగానే ఆమె గొంతు లేస్తుంది: ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారి అన్నాక ఇక బేరం లేదు. పాట ఎవరిదైతే వాళ్లు గప్‌చుప్‌గా బుట్ట ఎత్తుకుని నడవాల్సిందే. తగవులమారి మనుషులు కూడా ఆ మాట దగ్గర నోరు మూస్తారు.

మొన్నటి కార్తీకంలో ఒక పొద్దున పంచాయతీ సెక్రటరీ బండి మీద వచ్చి కులపెద్ద బైరాగికి కాగితం ఇచ్చాడు. సాయంత్రంలోగా గాలి తీరం దాటుతుంది, అందరూ దిబ్బ మీద ఉన్న షెల్టర్ మేడకు పోవాలి అని అందులో ఉంది. నేనూ ఉన్నాను, మొదటి వరసలోనే. ఊరివే మూడు మర పడవలు సముద్రం మీద ఉన్నాయి. ఒకదాంట్లో కాసులమ్మ మొగుడు ధనరాజు.

బైరాగి గంగమ్మ గుడి మైకు అందుకుని కాగితంలో నన్నొక్కదాన్నీ వదిలేసి మిగతాది తనకు తోచినట్టు చెప్పాడు. “పెద్దగాలి వస్తాదట. వలలు, తెప్పలు పైకి లాక్కోండి. ఓపికున్నోలు మేడకి ఎల్లండి.”

జనం బుద్ధిగా వలలు లాగారు, తెప్పలు లాగారు. తర్వాత ఆడవాళ్లంతా పిల్లల్ని వెంటేసుకుని ఒడ్డున చతికిలబడ్డారు, పడవలు రావాలి కదా. ఆకాశం అప్పటికే తడిసిన బూడిదలా ఉంది. ఏడుపొచ్చింది నాకు. నా పని నన్ను చెయ్యనివ్వడం లేదు.

కాసులమ్మ గుడి దగ్గరికి వచ్చింది. “మావా, ఆ మాట సెప్పు. సెప్పకపోతే ఒక్కలూ లెగరు.”

“నోరు ముయ్యే కాసులూ! పడవలు నీల మీదున్నాయి. నీ మొగుడూ అక్కడే ఉన్నాడు, తెల్దేటి?”

“తెలుసు మావా. మా అమ్మకీ తెలుసు, మా అయ్య నీల మీదున్నాడని. అయ్యొచ్చినాడు. అమ్మేది?”

బైరాగి మైకు వదల్లేదు. కాసులమ్మ దాన్ని అతని చేతిలోంచి లాక్కుంది. ఆమెకు కట్టుబాటు మీద నమ్మకం లేదనుకునేరు, నిండా ఉంది. నన్ను అంటే మొగుడు తిరిగిరాడనే అనుకుంటోంది. ఆ గొంతులో నేను ఇరుక్కుని ఉన్నాను కనుక నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ల కాపురం ఒక పక్క, ఒడ్డున కూర్చున్న పిల్లలు ఒక పక్క. కళ్లు మూసుకుంది.

“సైక్లోన్! ఒకటోసారి!”

ఒడ్డు ఒడ్డంతా గతుక్కుమంది. ఒకామె శాపనార్థాలు మొదలుపెట్టింది, ఇంకొకామె చెవులు మూసుకుంది.

“సైక్లోన్! రెండోసారి!”

శాపనార్థాలు ఆగిపోయాయి. బుట్ట ఎత్తడానికి సిద్ధమైనట్టు కొందరు కొంగులు బిగించారు, తాము ఆ పని చేస్తున్నామని వాళ్లకే తెలియదు.

“సైక్లోన్! మూడోసారి! పిల్లల్నెత్తుకోండి, లెగండి!”

లేచారు! ముప్ఫై ఏళ్లుగా ఆ గొంతుకు మూడోసారి దగ్గర కదలడం అలవాటైన కాళ్లు అవి. చంకన బిడ్డ, చేతిలో ముసలమ్మ చెయ్యి, నెత్తిన బియ్యం తపేలా. దిబ్బ దారి జనంతో నిండిపోయింది. చివరికి బైరాగి కూడా గుడిలోని గంగమ్మ పటం చంకన పెట్టుకుని బయల్దేరాడు. అందరికన్నా వెనక, సముద్రం వైపు తిరిగి తిరిగి చూస్తూ, కాసులమ్మ.

సాయంత్రం సముద్రం ఊళ్లోకి వచ్చింది. నూట ఇరవై గుడిసెలు పోయాయి, మైకు పోయింది, గుడి గోడ పోయింది. మేడ మీద తలలు లెక్కపెట్టారు. ఆరువందల పన్నెండు. మళ్లీ లెక్కపెట్టినా ఆరువందల పన్నెండే. ఒక్క ప్రాణం తగ్గలేదు! నా బతుకులో అంత తియ్యటి లెక్క నేనెప్పుడూ వినలేదు. ఆ సంతోషంలో పాలుపంచుకోనిది పడవల వాళ్ల పెళ్లాలే, అందరికన్నా కాసులమ్మ. మూడు పడవల వాళ్లు ఆ లెక్కలో లేరు.

మూడో రోజు మధ్యాహ్నం పడవలు మూడూ వరసగా వచ్చాయి. ధనరాజు మోకాలి లోతు నీళ్లలోకి దూకి వచ్చేసరికి కాసులమ్మ అతని చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. జరిగింది చెప్పింది.

“నాను నీల మీదుండగా ఆ మాట ఎలాగన్నావే?” అన్నాడతను నవ్వుతూ.

“అన్నాను. ఏటి సేస్తావు?”

“ఏటి సేస్తాను? పడవ రేడియోలో ఆ మాట మేవూ ఇన్నాం. ఇనబట్టే తిప్పేసి హార్బర్లో దూరినాం. ఇనకపోతే ఈపాటికి నువ్వు నాకు పిండం పెడుదువు.”

మనుషులు ఒకసారికి ఒకచోటే ఉండగలరు. నేను ఆ పొద్దున రెండు చోట్ల ఉన్నాను. ఒకే పేరు ఒడ్డున పెళ్లాన్ని లేపింది, నీళ్ల మీద మొగుణ్ణి మళ్లించింది. కలకత్తా కెప్టెను ఆశ గవ్వలపేటలో తీరింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

మాఘమాసంలో ధనరాజు పడవకు కొత్త రంగులేశారు. ముక్కు మీద ఏం పేరు రాయాలని రంగులవాడు అడిగితే నన్ను రాయమన్నాడు. నీళ్ల మీదికి వెళ్లే పడవ మీద, గవ్వలపేటలో! జనం బైరాగి మొహం చూశారు. బైరాగి కాసేపు గడ్డం గోక్కుని, “పెద్దచ్చరాల్తో రాయరా” అని, తనే కొబ్బరికాయ కొట్టాడు.

ఇప్పుడు నా కాపురం ఆ పడవ ముక్కు మీదే. సముద్రం కోసం పుట్టి, ఇన్నేళ్లకు రోజూ సముద్రం చూస్తున్నాను. పొద్దెక్కేసరికి వేట ముగించుకుని ఒడ్డుకు తిరుగుతాం. దూరం నుంచే కాసులమ్మ నన్ను గుర్తుపట్టి గొంతెత్తుతుంది:

“సైక్లోన్ వచ్చేసిందర్రా! లెగండి, బుట్టలట్టుకోండి!”

ఆడవాళ్లంతా నవ్వుతూ, చీరలు ఎగదోపుకుని, సముద్రం వైపే పరిగెత్తుకొస్తారు.