పచ్చి అన్నదా, పచ్చ అన్నదా

డాక్టరమ్మ ఆ రోజు పచ్చి అన్నదా, పచ్చ అన్నదా అనే అనుమానం గుర్రప్పను ఏడేళ్లుగా వదలడం లేదు. ఈ పొద్దున తడిగుడ్డ మూట విప్పి మొలకెత్తిన పెసలను స్టీలు డబ్బాలోకి రాలుస్తున్నప్పుడు కూడా అదే తోచింది. మొలకలు గోరంత పొడుగొచ్చాయి. పిడికెడు పెసలు, అర పిడికెడు నానిన చెనిక్కాయ పప్పు, నాలుగు కొబ్బరి ముక్కలు. తళి నుంచి వచ్చే బండివాడి దగ్గర కొన్న క్యారెట్లు రెండు, ఒక దోసకాయ, ఒక అరటిపండు. రాత్రికి అటుకులు, పెరుగు వేరే ఉన్నాయి. మొదటి ఏడాది ఉత్త కూరగాయలే తిని రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాడు. పప్పుగింజ ఉండాలి, పెరుగు ఉండాలి, కొంచెం కొబ్బరి ఉండాలి అని ఒళ్లే అతనికి ఒక్కొక్కటిగా నేర్పింది. ఇప్పుడు ఏది తగ్గినా సాయంత్రానికి మోకాళ్లు చెప్పేస్తాయి.

డబ్బా మూత పెట్టే ముందు నాలుగు గింజలు తీసి గోడమీది వెంకటరమణస్వామి పటం ముందు పెట్టాడు. పొయ్యి ఎక్కనిది నైవేద్యం అవుతుందా అని ఒకప్పుడు బెంగపడేవాడు. శ్రీరామనవమికి రాములవారికి పెట్టే వడపప్పూ నానబెట్టినదే కదా అని ఒక ఏడు తట్టింది. ఆ బెంగ అంతటితో పోయింది. డాక్టరమ్మ మాట మీది అనుమానం మాత్రం పోలేదు.

"స్వామీ, ఈ ఒక్క దినం గట్టెక్కించు" అని దండం పెట్టుకున్నాడు.

ఈ రోజు కంపెనీలో మెడికలు. కొత్త మేనేజరు ఉదయ్ కుమార్ వారం కిందట నోటీసు అంటించాడు. డాక్టరు ఫిట్ అని రాస్తేనే పని. లేకపోతే ఇంటికి. గుర్రప్పకు ఇల్లంటే కంపెనీ వెనక ఉన్న ఈ రూమే. పని పోతే రూము పోతుంది. రూము పోతే హోసూరులో తల దాచుకునే చోటు లేదు. తళి దగ్గరి పొలం తమ్ముడికి వదిలేసి పదిహేనేళ్లయింది. పెళ్లాం పోయి పదమూడేళ్లు. బిడ్డలు లేరు.

యాభై నాలుగేళ్ల మనిషి. మెడ నరాలు తాళ్లలా కనిపిస్తాయి. చొక్కా భుజాల దగ్గర జారుతుంది. లేత్ మిషన్ల కింద రాలే ఇనుప చుట్టలను పారతో ఎత్తి తొట్టిలో పోయడం అతని పని. అరచేతుల్లో నలుపు ఏ సబ్బుకూ పోదు. బలం ఉందని అతనికి తెలుసు. కానీ చూసేవాళ్లకు కనబడాలి కదా. తనను చూసి డాక్టరు తల అడ్డంగా ఊపుతున్నట్టు రెండు రాత్రులుగా కలగంటున్నాడు.

పొద్దున ఏమీ తినకుండా రావాలని చెప్పారు. డబ్బా సంచిలో పెట్టుకుని షెడ్డుకు నడిచాడు.

"ఏమప్పా పచ్చప్పా! ఈ పొద్దు ఆవు మేత మేయలేదా?" లేత్ దగ్గర నుంచి ఏళుమలై అరిచాడు.

ఏళుమలైది కావేరిపట్టణం. గుర్రప్ప కంటే మూడేళ్లు పెద్ద. గుండ్రటి పొట్ట, ఎర్రటి కళ్లు, నవ్వితే షెడ్డంతా వినబడే గొంతు. ఇరవై ఏళ్లుగా అదే లేత్ మీద షాఫ్టులు తిప్పుతున్నాడు. మిషను పక్క బల్ల మీద పాత బాము సీసాలో ఉప్పూ కారం కలిపి పెట్టుకుంటాడు. మామిడికాయల కాలంలో ముక్క కోసి అందులో అద్దుకుని కరకర నమిలేవాడు. మిగతా కాలంలో ఆ ఉప్పుకారం గుర్రప్ప డబ్బాలో చల్లి, "ఇప్పుడు నోటికి రుచిస్తుందిలే" అనేవాడు.

"తినొద్దన్నారు కదన్నా" అన్నాడు గుర్రప్ప.

"తింటే మాత్రం నీకేమి బరువొస్తాది? దా, ఇట్లా దా." దగ్గరకు లాగి అతని ప్యాంటు జేబులో రెండు పెద్ద నట్లు పడేశాడు. "ఒక్కొక్కటి ముక్కాలు కిలో. కాటా ఎక్కేటప్పుడు జేబు మీద చెయ్యి పెట్టుకో."

"పాపమన్నా."

"నలభై అయిదు కిలోలు లేకుంటే గేటు బయటే అంట. రోడ్డు మీద పండుకున్నాక పాపమూ పుణ్యమూ తూకం వేసుకో."

పదకొండేళ్ల కిందట కూడా వీళ్లిద్దరే. 1994లో ఇదే షెడ్డులో గుర్రప్ప పార పట్టుకునే కూలబడిపోయాడు. ఏళుమలై సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు. వరసలో కూర్చున్నంతసేపూ గుర్రప్ప వణుకుతుంటే తన క్యారియరు విప్పి చింతపండు అన్నమంతా తినిపించాడు. తాను ఆ పూట పస్తున్నాడు. అప్పటి డాక్టరమ్మది తంజావూరు వైపు. అరవం తప్ప మాట్లాడదు. అరవమంటే గుర్రప్పకు అప్పట్లో లెక్కలు, తిట్లు మాత్రమే తెలుసు. ఆమె కనురెప్ప లాగి చూసి, "పచ్చై కాయకరి నెరయ సాపిడుంగ" అంది. బయటికి వచ్చాక ఏమన్నదని అడిగితే ఏళుమలై, "పచ్చి కూరగాయలు బాగా తినమన్నాది" అని చెప్పి, షిఫ్టుకు ఆలస్యమవుతోందని సైకిలెక్కాడు.

పక్క గదిలో పెయింటు, నూనె పీపాలు ఉండడంతో రూములో పొయ్యి వెలిగించకూడదని ముందునుంచీ కట్టడి. హోటలు తిండి కడుపులో మంట. అందుకని డాక్టరమ్మ మాట దేవుడు పంపిన మాటలా తోచింది. ఆ చింతపండు అన్నమే అతను తిన్న ఆఖరి అన్నం.

నాలుగేళ్ల తరువాత ఒక రోజు ఫోర్మెన్ "పచ్చై పెయింటు డబ్బా ఎత్తుకురా" అన్నాడు. గుర్రప్ప ఆకుపచ్చ డబ్బా చేతిలో పట్టుకుని గోదాములో చాలాసేపు నిలబడిపోయాడు. ఆమె ఆకుపచ్చ కూరలు అన్నదేమో. వండుకుని తినమన్నదేమో. ఏళుమలైని అడగాలని వందసార్లు అనుకున్నాడు. అడిగితే, గడిచిపోయిన ఏళ్లను ఏమి చేసుకోవాలి?

ఏళుమలై ఎగతాళి మాత్రం ఆగలేదు. "నా పూట అన్నం బాకీ ఎప్పుడప్పా?" అని పండక్కీ పబ్బానికీ అడిగేవాడు. గుర్రప్ప డబ్బా చాపితే, "ఛీ, ఈ గడ్డి లెక్కలోకి రాదు. ఉడికింది కావాల" అని తోసేసేవాడు.

ఆఫీసు గది ముందు బెంచీ మీద పన్నెండు మంది కూర్చున్నారు. జేబులో నట్లు తొడకు ఒరుసుకుంటున్నాయి. పేరు పిలిచినప్పుడు గుర్రప్ప లేచి రెండడుగులు వేసి ఆగాడు. నట్లు రెండూ తీసి కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లాడు. వెనక ఏళుమలై తల కొట్టుకున్న చప్పుడు వినబడింది.

కాటా ముల్లు ఊగింది. నలభై నాలుగు దాటి, అయిదు దగ్గర తడబడి, ఆరు మీద నిలిచింది. సేలం నుంచి వచ్చిన నడివయసు డాక్టరమ్మ నాలుక చూసింది, గోళ్లు నొక్కి చూసింది, చేతికి బీపీ పట్టీ చుట్టింది. పొద్దున తీసిన రక్తం పరీక్ష కాగితాన్ని రెండుసార్లు చదివింది.

"ఏం తింటారు?" అని అరవంలో అడిగింది.

చెప్పాడు. ఆమె కళ్లజోడు మీదుగా చూసింది. ఒక మాట రాసి ముద్ర కొట్టింది.

"ఫిట్టాండీ?" అన్నాడు.

"ఫిట్."

వరండాలోకి వచ్చి స్తంభం పట్టుకున్నాడు. ఏళుమలై అతని వీపు చరిచి లోపలికి వెళ్లాడు. పది నిమిషాలు, పావుగంట. తలుపు ఓరగా ఉంది. పట్టీలో గాలి కొట్టే చప్పుడు ఒకసారి, రెండుసార్లు, మూడోసారి కూడా వినబడింది. తరువాత డాక్టరమ్మ నెమ్మదిగా మాట్లాడింది. మిషను పని ఇక వద్దన్నది. ఉప్పు, కారం, నూనె ముట్టుకోవద్దన్నది. ఆ తరువాత, "పచ్చై కాయకరి నెరయ సాపిడుంగ" అన్నది.

గుర్రప్ప తలుపు దగ్గరికి జరిగాడు. అదే మాట. ఇప్పుడు తనకు అరవం వచ్చు. తలుపు తోసి ఒక్క ప్రశ్న అడిగితే ఏడేళ్ల అనుమానం తీరిపోతుంది. చెయ్యి తలుపు దాకా పోయింది. లోపల ఏళుమలై బల్ల అంచు పట్టుకుని తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. గుర్రప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రానికల్లా అంతా అయిపోయింది. సంతకాలు పెట్టించుకున్నారు. ఉదయ్ కుమార్ మర్యాదగానే మాట్లాడాడు. మిషను తప్ప మరో పని లేదన్నాడు. ఆరు గంటల కృష్ణగిరి బస్సుకు పోయి, అక్కడి నుంచి కావేరిపట్టణం బస్సు పట్టుకోవాలని ఏళుమలై సంచి సర్దుకున్నాడు. పొద్దుటి నుంచి అతనూ ఏమీ తినలేదు. ఆగిపోయిన లేత్ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

గుర్రప్ప డబ్బా తీసి మూత విప్పాడు. పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఉడికింది కాదన్నా. ఇదే ఉండాది."

ఏళుమలై డబ్బాలోకి చూశాడు. నవ్వబోయాడు. నవ్వు రాలేదు. చెయ్యి అలవాటుగా బాము సీసా మీదికి పోయి ఆగింది. సీసాను బల్ల మీద కొంచెం దూరంగా జరిపాడు. పెసలు పిడికెడు తీసి నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు.

"చప్పగా ఉండాదప్పా."

"నాలుగు దినాలు. ఆ పైన తియ్యగా ఉంటాది."

క్యారెట్టు కొరికాడు. కొబ్బరి ముక్క తిన్నాడు. సగం డబ్బా అయ్యాక గుర్రప్ప నేల చూస్తూ అడిగాడు. "అన్నా, ఆ దినం ఆయమ్మ పచ్చి అన్నాదా, పచ్చ అన్నాదా?"

ఏళుమలై నమలడం ఆపాడు.

"అరవంలో రెండింటికీ అదే మాటప్పా. నేను ఆ దినమూ అడగలేదు. తొందరలో నాకు తోచింది చెప్పేసినాను. పదకొండేండ్లు నువ్వు ఇది తింటావని నాకేమి తెలుసు?" చేత్తో మూతి తుడుచుకున్నాడు. "ఈ పొద్దు కూడా అడగలేదు. భయమైంది."

కోపం వస్తుందేమోనని గుర్రప్ప కాసేపు చూసుకున్నాడు. రాలేదు. అరటిపండు ఒలిచి అతని చేతికిచ్చాడు.

అడుగున మిగిలిన గింజలను కూడా వేలితో ఏరి తిని ఏళుమలై డబ్బా తిరిగి ఇచ్చాడు.

"ఆ పూట బాకీ తీరిందిలే పచ్చప్పా."

గేటు దాకా సంచి మోసి, అతను ఎక్కిన ఆటో మలుపు తిరిగే దాకా నిలబడి, గుర్రప్ప మళ్లీ షెడ్డులోకి వచ్చాడు. ఆ లేత్ కింద రాలిన చివరి చుట్టలను పారతో ఎత్తి తొట్టిలో పోశాడు. నూనె మరకల బల్ల మీద, జరిపిన చోటే, ఉప్పుకారం నిండిన బాము సీసా మూత బిగించి ఉంది.